చెరువుకు నీళ్లొచ్చాయి, ఎట్లాంటి నీళ్లు?



సముద్రం నడుమ దీవిలో ఉండేవాళ్లకు ఒక చిక్కుంది. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, తాగేందుకు మాత్రం చుక్క పనికిరాదు. కోలారు జిల్లాలో ఉండే మనకు సముద్రం ఎక్కడో దూరాన ఉంది. అయినా 2018 నుంచి మన చెరువుగట్టు మీద నిలబడి చూస్తే ఇంచుమించు అదే చిక్కు కనబడుతుంది. అందుకే ఈవేళ మీతో చెరువు నీటి గురించి, మరీ ముఖ్యంగా దాని నాణ్యం గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను.

మన జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదని మీకు తెలుసు. పాలారు, మార్కండేయ, దక్షిణ పినాకిని అన్నీ వానను నమ్ముకున్నవే. అందుకే మన పెద్దలు వాలు చూసి కట్టలు పోశారు. పై చెరువు మరవ పారితే కింది చెరువు నిండేటట్టు గొలుసుగా కట్టారు. తూము ఎప్పుడెత్తాలో, ఎవరి మడికి ఎన్ని గడియలో నీరుగంటి చూసుకునేవాడు. వానలు తప్పి, రాజకాలువలు పూడిపోయి, బోర్లు వెయ్యి, పదిహేను వందల అడుగులకు దిగిన కాలంలో ఈ గొలుసు తెగింది. చెరువులో తుమ్మ మొలిచింది.

అట్లాంటి చోటికి 2018 జూన్‌లో నీళ్లొచ్చాయి. బెంగుళూరులోని కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధి చేసి, పెద్ద గొట్టాల ద్వారా ఎత్తిపోసి, నరసాపురం వైపునున్న లక్ష్మీసాగర చెరువులో వదిలారు. దీన్నే అందరూ కే.సి. వ్యాలీ పథకం అంటున్నారు. రోజుకు 44 కోట్ల లీటర్లు, కోలారు, చింతామణి ప్రాంతాల్లో 126 చెరువులు అన్నది మొదట పెట్టుకున్న లెక్క. నీళ్లొచ్చిన కొన్నాళ్లకే చెరువులో నురుగు లేచింది. జూలైలో కర్ణాటక హైకోర్టు పథకాన్ని ఆపి, తరువాత వదలనిచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ ఆపింది, కొన్ని నెలలకు ఆ ఆజ్ఞ కూడా తొలగింది. అప్పటినుంచి చెరువులు ఒకదాని తరువాత ఒకటి నిండుతూ వచ్చాయి.

"నీళ్లే లేని చోట మంచివా, చెడ్డవా అని అడిగేదేమి స్వామీ?" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఆ మాటలో న్యాయముంది. చెరువుల చుట్టుపక్కల భూగర్భ నీటిమట్టం పెరిగిందని బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ అధ్యయనం కూడా చెప్పింది. ఎండిన బోరులో నీళ్లు కనబడితే రైతుకు కలిగే ఊరటను ఎవరూ తక్కువ చేయకూడదు. టమాట తోటైనా, మల్బరీ అయినా, పాడి పశువైనా నీటి మీదనే కదా నిలబడేది. కానీ నీటిని వద్దనడం వేరు, ఎట్లాంటి నీరని అడగడం వేరు. నేను రెండోది అడుగుతున్నాను.

మురుగును శుద్ధి చేయడంలో మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టులో చెత్త వడగట్టి, బురదను అడుగుకు దిగనిస్తారు. రెండో మెట్టులో నీటిలోకి గాలి ఊది సూక్ష్మజీవులను పెంచుతారు. అవి కుళ్లే పదార్థాన్ని తినేస్తాయి. నీరు తేరుకుంటుంది, వాసన తగ్గుతుంది. కానీ నత్రజని, భాస్వరం చాలావరకు అందులోనే మిగులుతాయి. రోగకారక క్రిములు కూడా పూర్తిగా పోవు. మూడో మెట్టులో ఇసుక లేదా పొరల ద్వారా మళ్లీ వడబోసి, మిగిలిన లవణాలు తగ్గించి, క్రిములను చంపుతారు. మన చెరువులకు వస్తున్నది రెండో మెట్టు దాటిన నీరు. మూడో మెట్టు కూడా కావాలన్నదే ఇక్కడి రైతు నాయకుల కోరిక. కోర్టుకెక్కింది కూడా దానికోసమే. భాస్వరం మిగిలిన నీరు నిలవ ఉంటే ఏమవుతుందో మీరు పొలంలో ఎరువు వేసి చూసినదే. అక్కడ పైరు పెరుగుతుంది, ఇక్కడ పాచి, గుర్రపుడెక్క పెరుగుతాయి.

ఈ నీరు భూమిలోకి ఇంకడానికేగాని చెరువులోంచి నేరుగా తోడుకోవడానికి కాదని ప్రభుత్వం మొదటినుంచి చెబుతోంది. నేల వడపోస్తుంది కదా అన్నది అందులోని ఆలోచన. మట్టి మందంగా ఉన్నచోట ఇది చాలావరకు నిజమే. మనది నల్లరాతి నేల. రాతి పగుళ్ల వెంట నీరు ఎంతో దూరం వడపోత లేకుండానే పోగలదు. ఇక చెరువు గర్భంలో వదిలేసిన పాత బోరు గుంత మూత లేకుండా ఉందనుకోండి, అది నేరుగా పాతాళానికి వేసిన గరాటే. మీ ఊరి చెరువులో అట్లాంటివి ఉంటే పంచాయతీకి చెప్పి మూయించండి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంకొక మాట. మన లోతు బోర్లలో ఫ్లోరైడు ఉంది. రాతిలోంచి కరిగి వస్తుంది. పళ్లమీద గోధుమరంగు చారలు, నడివయసుకే వంగని మోకాళ్లు ఎందుకో మీకు తెలియనిది కాదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదని ప్రమాణం. కొత్త నీరు ఇంకితే ఫ్లోరైడు పలచబడే అవకాశముంది, అది మేలే. అదే సమయంలో నైట్రేటు పెరిగే అవకాశమూ ఉంది. దానికి హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది మించితే చంటిబిడ్డలకు ప్రమాదం. ఈ రెండూ కాచితే పోవు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. కాచి తాగుతున్నాం కదా అని ధైర్యంగా ఉండే తల్లులు ఈ సంగతి గమనించాలి.

నీరు చెడితే బతుకుతెరువు ఎట్లా ఆగిపోతుందో ఫిలిప్పీన్స్ దేశంలోని బొరాకాయ్ దీవి చూపించింది. అక్కడివాళ్లకు పంట, పాడి అన్నీ యాత్రికులే. హోటళ్లు మురుగును సముద్రంలోకి వదిలాయి. 2018 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ దీవిని ఆరు నెలలపాటు మూసేసింది. పడవవాళ్లకు, వంటవాళ్లకు పని పోయింది. అంతదూరం ఎందుకు, మన పాలారునే చూడండి. బేతమంగళం చెరువు నింపి, కుప్పం మీదుగా తమిళనాడుకు పోతుంది. అక్కడ తోళ్ల కార్ఖానాల మురుగు కలిసి పొలాలు చౌడుబారాయి. చెడగొట్టినవాడే నష్టం భరించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఆ వేలూరు కేసులోనే. తీర్పు వచ్చింది గాని చెడిన బావి మరునాడే బాగుపడదు. మన బంగారు గనులు 2001లో మూతపడ్డా సైనైడు మట్టి గుట్టలు ఇంకా నిలిచే ఉన్నాయి కదా.

అంతరగంగ కొండకు సెలవు రోజుల్లో బెంగుళూరు నుంచి ఎందరో వస్తారు. బసవని నోటినుంచి పడే ఊట నీరు పట్టుకుంటారు. సీసా అక్కడే పారేస్తారు. దీనికి మాత్రం పట్నంవాళ్లను అనాలో, అమ్మే మనల్ని అనాలో తెలియదు.

ఇక మీరు చేయగలిగింది చెబుతాను. చెరువు నీటిని వదిలేముందు, వదిలాక ఏ పరీక్షలో ఎంత వచ్చిందో కట్టమీద బోర్డు రాయించమని గ్రామసభలో అడగండి. మీ బోరు నీటిని ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, వానలు వెనకబడ్డాక ఒకసారి పరీక్ష చేయించండి. మోటారు పదినిమిషాలు ఆడనిచ్చి, శుభ్రమైన సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు తొలిచి నింపండి. క్రిముల పరీక్షకైతే సీసా పరీక్షశాలవాళ్లే ఇవ్వాలి, నీరు ఆరోజే చేరాలి. సీసామీద తేదీ, ఊరు, బోరు లోతు రాయండి. ఫ్లోరైడు, నైట్రేటు, క్రిములు, ఈ మూడూ చూడమని పేరుపెట్టి అడగండి. జిల్లా తాగునీటి పరీక్షశాలకు తీసుకుపోవచ్చు. సేద్యపు నీటి సంగతైతే తమకలోని కృషి విజ్ఞాన కేంద్రంలో విచారించండి. ఇచ్చిన చీటీని పారేయకుండా పట్టా కాగితాలతోపాటు పెట్టెలో దాచుకోండి. వచ్చే ఏటి చీటీని దాని పక్కన పెట్టి చూసుకోవాలి.