తప్పు చూపినవానికి పీట వేయవలెను

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభవేళ ఒక క్రొత్తతరపు స్వచ్ఛంద సేవను గూర్చి విన్నవించి, దాని వెలుగున మన గ్రంథాలయమును ఒక్కమారు పరికింపగోరెదను.

కంప్యూటరు పనిచేయుటకు సాఫ్ట్‌వేరు అను ఆజ్ఞల సంపుటి కావలెను. పెక్కు కంపెనీలు ఆ ఆజ్ఞల మూలపాఠమును పెట్టెలో పెట్టి తాళము వేయును. మూలపాఠమును లోకమునకు తెరచియుంచి, చదువుకొనుడు, దిద్దుకొనుడు, పదుగురకు పంచుడు అనువారు మరికొందరు. అట్టివారిలో డెబియన్ అను సంఘ మొకటి. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ అను అమెరికా విద్యార్థి దానిని ఆరంభించెను. నేడు అనేక దేశములవారు అందు స్వచ్ఛందముగా పాటుపడుచున్నారు. సంఘము వారికి జీతమీయదు. తమ నాయకుని వారే ఏటేట ఓటువేసి ఎన్నుకొందురు.

లెక్కలు వ్రాసి బ్రదుకువాడను గనుక నన్ను మిక్కిలి ఆకర్షించినది వారి దోషముల పద్దు. 1997లో వారు ప్రకటించిన సామాజిక ఒప్పందమున, లోపములను దాచరాదనునది ఒక నియమము. ఎవరికి ఏ తప్పు కనబడినను తెలుపవచ్చును. ఆ తప్పును, దానిపై జరిగిన చర్చను, దిద్దిన విధమును అందరును చూడవచ్చును. మన పద్దులలోను అంకె తప్పినచో చెరపరాదు గదా! పాత అంకె కనబడునట్లు అడ్డుగీత గీచి, సరియైనది వ్రాసి, సంతకము చేయవలెను.

అయినను తలుపు తెరచినంత మాత్రమున అతిథి లోనికి రాడు. రమ్మని పిలిచి పీట వేయవలెను. ఈ సంగతిని వారును క్రమముగా నేర్చుకొనిరి. ప్రోగ్రాము వ్రాయకపోయినను, అనువాదము, వివరణ రచన వంటి పనులు చేయువారిని పూర్తి సభ్యులుగా చేర్చుకొనుటకు 2010లో ఓటువేసి సమ్మతించిరి. ఎట్టివారైనను తమకు ఆహ్వానితులేయని 2012లో చాటిరి. పరస్పర మర్యాదకై 2014లో నడవడి నియమావళిని ఏర్పరచుకొనిరి. డెబియన్‌ను కంప్యూటరులో ఎక్కించునపుడు ఎన్నుకొనదగిన భాషలలో మన తెలుగు కూడ కలదు. ఓపికతో మాట మాటను తెనిగించినవారి శ్రమఫలమది.

ఈ ధర్మము మనకు పరాయిది కాదు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన పూరించి, నన్నయ వలెనే రాజరాజనరేంద్రునికి అంకితము చేసెను. పూర్వుడు ఆపిన చోట పూని, ఆతని గౌరవము తగ్గకుండ పని సాగించుట తెలుగువారు ఎన్నడో ఎరిగినదే.

ఇక నా తప్పు ఒకటి ఈ సభలో ఒప్పుకొనవలెను. చాల ఏండ్ల క్రిందట నేను ఇచట గ్రంథముల పట్టిక వ్రాయుచుండగా, పదునైదేండ్ల బాలుడొకడు వచ్చి, “పంతులుగారూ, భాస్కర రామాయణాన్ని మొల్ల పేర ఎక్కించారండి” అనెను. పదిమంది యెదుట చెప్పెనను ఉక్రోషముతో, “ముందు చదువు నేర్చుకొని రా పో” అని గద్దించితిని. మరునాడు చూడగా వాని మాటయే నిజము. పట్టికను దిద్దితిని గాని, వానిని పిలిచి ఆ మాట చెప్పలేదు. వాడు మరల ఈ గడప త్రొక్కలేదు. ఆ బాకీ నేటికిని తీరలేదు.

కావున నాదొక మనవి. రేపటినుండి చదువు బల్లపై ఒక పుస్తకము నుంచుదము. పట్టికలో గాని, లెక్కలలో గాని, మా నడవడిలో గాని తప్పు కనబడినవారు, పిన్నలైనను పెద్దలైనను, అందు వ్రాయుదురు గాక. మేము వ్రాయు జవాబున మొదటి మాట కృతజ్ఞత కావలెను. తప్పొప్పుల విచారణ ఆ తరువాతిది. ఇంగ్లీషు కొంతయు తెలుగు చక్కగాను వచ్చిన మన యువజనులు డెబియన్ వంటి సంఘములలో అనువాదమునకు పూనుకొన్నచో, ఆ మర్యాదను అక్కడ కన్నులార చూచి వచ్చి మనకును నేర్పగలరు.

ఆ బాలుడు నేడు ఎక్కడ ఉన్నాడో ఎరుగను. పుస్తకపు మొదటి పుటలో వాడు చూపిన తప్పును, ప్రక్కన వాని పేరును, క్రింద నా సంతకమును నేనే వ్రాసెదను.

సెలవు.