అటక మీది పురుగులు – కింద పడుకున్న బిడ్డ

(వార్డులలోని రోగుల బంధువులకు ఆసుపత్రి ప్రార్థనా మందిరంలో చేసిన ఆరోగ్య ప్రసంగం)



మీ వాళ్ళను రేపో ఎల్లుండో ఇంటికి పంపిస్తామని డాక్టరుగారు చెప్పగానే మీలో చాలామంది చేసే మొదటి పని ఊరికి ఫోను చెయ్యడం. "ఇల్లంతా దులిపించండి, అటక కూడా ఖాళీ చేసి పురుగుల మందు కొట్టించండి" అని చెబుతారు. ప్రేమతో చెప్పే మాటే అది. కాని ఆ ఇంట్లో అడుగుపెట్టబోయేది ఎవరు? ఆపరేషను అయినవారు, ఆయాసంతో బాధపడినవారు, బాలింత, పదిరోజుల పసిబిడ్డ. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము గాలిలో తేలుతూ, మందు వాసన గోడలకు పట్టి ఉన్న ఇంట్లోకి వాళ్ళను తీసుకువెళతాం. అందుకే ఈరోజు అటక గురించి మాట్లాడదామనుకున్నాను.

మన పాత పెంకుటిళ్ళలో అటక అంటే ఇంటికి రెండో కడుపు లాంటిది. అమ్మమ్మగారి గంగాళాలు, విరిగిన కుర్చీ, పాత బొంతలు, ట్రంకు పెట్టె, ఊయల, మన క్రైస్తవ కుటుంబాలలో అయితే క్రిస్మస్ నక్షత్రం కూడా అక్కడికే చేరతాయి. డిసెంబరులో నక్షత్రం దించడానికి ఒకసారి ఎక్కుతాం. మిగతా పదకొండు నెలలు అక్కడ ఎవరు కాపురం ఉంటున్నారో చూడం.

కాపురం ఉండేవాళ్ళందరూ శత్రువులు కారు. చెదలు దూలాన్ని తింటాయి గాని మనిషిని కుట్టవు, రోగం తేవు. వాటివల్ల ప్రమాదమల్లా లోపల గుల్లయిన చెక్క మీద మనం కాలు పెట్టినప్పుడే. పుస్తకాలు తినే వెండిరంగు పురుగులు పాత బైబిలునూ పెళ్ళి ఫోటోలనూ పాడుచేస్తాయి, అంతే. నల్లులు రక్తం తాగి దురద పెడతాయి, నిద్ర చెడగొడతాయి. వీటన్నిటికంటే నేను ఎక్కువగా లెక్కలోకి తీసుకునేది బొద్దింకను. దాని రెట్టలు, అది విడిచిన పొట్టు, చచ్చిన బొద్దింకల పొడి దుమ్ములో కలిసి చెక్కల సందుల్లోంచి కింద మంచం మీద పడుతూ ఉంటాయి. ఉబ్బసం ఉన్న పిల్లలలో కొందరికి ఆ పొడే ఆయాసం తెప్పిస్తుంది. ఇన్‌హేలరు సరిగా వాడుతున్నా రాత్రిళ్ళు పిల్లవాడికి పిల్లికూతలు వస్తున్నాయంటే, మంచం పైన ఏముందో ఒకసారి తలెత్తి చూడండి.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. దుమ్ము ఏ దారిలో కిందికి వస్తుందో, పైన వేసిన మందు కూడా అదే దారిలో కిందికి వస్తుంది. అటక చెక్కలకు సందులు ఉంటాయి. పురుగు చావాలని పైన పెట్టింది కింద పడుకున్నవారికీ అందుతుంది. ఆసుపత్రిలో మేము ఎక్కువగా భయపడేది పురుగును చూసి కాదు, ఆ మందును చూసి.

మొదట కలరా ఉండల సంగతి. పేరు అలా వచ్చింది గాని, కలరాకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. అది నాఫ్తలీన్ అనే రసాయనం. బట్టల పెట్టెలో చిమ్మెటలు చేరకుండా వేస్తాం. కొండమీది ప్రసంగంలో ప్రభువు చిమ్మెటను ప్రస్తావించిన సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. బట్టలకు దాని బెడద అంత పాతది. ఇంట్లో కాన్పు అయిందనగానే అటక మీది ట్రంకు పెట్టె దించుతాం. పెద్దబిడ్డకు వాడిన చొక్కాలు, మెత్తటి పాత చీరలు, ఊయల గుడ్డలు తీస్తాం. పాత బట్ట మెత్తగా ఉంటుంది, మంచిదే. కాని వాటికి కలరా ఉండల వాసన పట్టి ఉంటుంది. ఆ వాసన వస్తోందంటే ఆ రసాయనం బట్టలో ఇంకా ఉన్నట్టే.

కొందరు బిడ్డలకు పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఇది తల్లిదండ్రుల నుంచి సంక్రమించే లక్షణం. మగబిడ్డలలో ఎక్కువగా బయటపడుతుంది. పైకి బిడ్డ చక్కగా, ఆరోగ్యంగానే కనిపిస్తాడు. అలాంటి బిడ్డకు నాఫ్తలీన్ తగిలితే ఎర్రరక్తకణాలు ఒక్కసారిగా పగిలిపోతాయి. రక్తం తగ్గిపోతుంది, కామెర్లు పెరుగుతాయి. పసిబిడ్డలలో కామెర్లు బాగా ముదిరితే మెదడు దెబ్బతినవచ్చు, చెవుడు రావచ్చు. మనకు బిడ్డ ఒంటికి నూనె రాసి మర్దనా చేసే అలవాటు ఉంది. నూనె రాసిన చర్మం నుంచి నాఫ్తలీన్ ఇంకా సులువుగా ఒంట్లోకి పోతుంది. ఒకపక్క నూనె, మరోపక్క ఆ పెట్టెలోంచి తీసిన గుడ్డ, రెండూ కలిస్తే ముప్పు మరింత పెరుగుతుంది. అందుకే కామెర్లతో బిడ్డను తెచ్చినప్పుడు, "బట్టలు ఎక్కడినుంచి తీశారమ్మా?" అని కూడా అడగవలసి వస్తుంది. అది విని ఏ అత్తగారూ నొచ్చుకోనక్కరలేదు. తప్పు వెతకడానికి కాదు, కారణం తెలుసుకోవడానికి అడుగుతాం.

కాబట్టి పసిబిడ్డ బట్టల దగ్గర కలరా ఉండలు వద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే ఆ బట్టలను బిడ్డకు వాడకపోవడమే మేలు. బిడ్డ అరికాళ్ళు, అరచేతులు పచ్చబడినా, పాలు సరిగా తాగకుండా మగతగా పడి ఉన్నా, మూత్రం ముదురు రంగులో వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. ఇక పాకే పిల్లలకు ఆ ఉండ తెల్లగా పిప్పరమెంటులా కనిపిస్తుంది. మింగితే పాలు తాగించకండి, నూనె పదార్థాలు పెట్టకండి. కొవ్వుతో కలిస్తే అది త్వరగా ఒంటికి పడుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

"అయితే కర్పూరం పెడతాం" అంటారు కొందరు. కర్పూరం మింగిన పిల్లలకు మూర్ఛలు వస్తాయి, కనుక అదీ వద్దు. ఎండిన వేపాకు పెట్టుకోండి. అది పురుగును పూర్తిగా ఆపుతుందని చెప్పను గాని ఇంట్లోవారికి హాని చెయ్యదు. నిజంగా పనిచేసేవి ఎండ, గాలి, బిగువైన మూత. రోళ్ళు పగిలే రోహిణీ కార్తె ఎండను దేవుడు మనకు ఉచితంగా ఇచ్చాడు. బొంతలనూ దుప్పట్లనూ వేడినీళ్ళలో ఉతికి ఆ ఎండలో రెండు పక్కలా తిప్పి ఆరవేస్తే నల్లులు కూడా నిలవవు.

రెండో సంగతి ఇంకా భయంకరమైనది. ధాన్యం గోదాముల్లో పెట్టే బిళ్ళలు కొందరు ఇంట్లో బియ్యం బస్తాల కోసమో, అటక మీది ఎలుకలూ పురుగుల కోసమో తెచ్చి పెడతారు. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని చెమ్మ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. 3 గ్రాముల బిళ్ళ నుంచి 1 గ్రాము వాయువు పుడుతుంది. అది గాలికంటే కాస్త బరువైనది, అటక మీద పెడితే కింది గదిలోకి దిగుతుంది. తలుపులు మూసుకుని పడుకున్న కుటుంబానికి రాత్రి వాంతులు, ఛాతీలో పట్టేసినట్టు ఉండడం, నీరసం మొదలవుతాయి. పిల్లలకు ముందు వస్తుంది. నిన్న తిన్నది పడలేదేమోనని వాము నీళ్ళు తాగించి మళ్ళీ అదే గదిలో పడుకోబెడతారు. అక్కడే ప్రాణం పోతుంది. ఈ విషానికి విరుగుడు మందు లేదు. ఎంత పెద్ద ఆసుపత్రిలోనైనా మేము చెయ్యగలిగింది గుండెకు, ఊపిరికి ఆసరా ఇవ్వడమే. శిక్షణ పొందినవారే నిపుణుల పర్యవేక్షణలో వాడాలని చట్టం ఉన్నా, ఈ బిళ్ళలు చేతులు మారి ఇళ్ళలోకి వస్తూనే ఉన్నాయి. ఇంట్లో వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేపల వాసనో వచ్చి ఒకరికంటే ఎక్కువమందికి వాంతులవుతుంటే, ముందు అందరూ బయటికి రండి. ఆ తరువాతే 108కి ఫోను.

మూడోది పొలం మందు. పత్తికో మిరపకో తెచ్చిన డబ్బాలో అడుగున కాస్త మిగిలింది కదా, అటక మీద చల్లేద్దాం అనుకుంటారు. పొలంలో ఎండ, వాన, గాలి ఆ మందును విరగగొడతాయి. చీకటిగా ఉండే అటక మీద ఎండా లేదు, వానా లేదు. అది అక్కడే నిలిచి, దుమ్ముతోపాటు నీళ్ళ కుండలోకీ, పక్క మీదికీ రాలుతుంది. చొంగ, కన్నీళ్ళు, చెమట ఎక్కువగా కారడం, కంటిపాప సూదిమొనలా చిన్నది కావడం, కండరాలు అదరడం, ఊపిరి అందకపోవడం దాని గుర్తులు. అలాంటప్పుడు బట్టలు తీసేసి ఒళ్ళంతా సబ్బునీళ్ళతో కడగండి. ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు తాగించి వాంతి చేయించకండి. మందు డబ్బాను గాని దాని మీది కాగితాన్ని గాని వెంట తీసుకురండి. పేరు తెలిస్తే వైద్యం తొందరగా మొదలవుతుంది.

ఖాళీ డబ్బాను కడిగి దాచుకోవడం కూడా మానాలి. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లా ధర్మసతి గండామన్ అనే ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసిన విషం మోనోక్రోటోఫాస్ అని తేలింది. మన పొలాలకు తెలియని పేరు కాదది. మీ అటక మీద పాత గమాక్సిన్ పొడి డబ్బా ఉన్నా తెరవకండి. బి.హెచ్.సి. అనే ఆ మందును మన దేశంలో 1997లోనే నిషేధించారు. కాలవలో పారెయ్యకుండా, కాల్చకుండా, పాలిథీన్ సంచిలో బిగించి కట్టి మండల వ్యవసాయ అధికారిని అడగండి.

మరి అటకను ఏం చెయ్యాలి అంటారా? లేవీయకాండము 14వ అధ్యాయంలో గోడలకు పొడ పట్టిన ఇంటి సంగతి ఉంది. యాజకుడు లోపలికి వెళ్ళకముందే ఇంట్లో సామానంతా బయట పెట్టించమని అక్కడి ఆజ్ఞ. తరువాత చూడడం, ఆ తరువాత గీకి శుభ్రం చెయ్యడం. నాకు ఆ వరుస చాలా నచ్చుతుంది. మనం తలకిందులుగా చేస్తాం. ముందు మందు కొట్టి, ఆపైన సామాను అలాగే ఉంచేస్తాం.

రోగి ఇంటికి రావడానికి కనీసం వారం రోజుల ముందు ఆ పని ముగించండి. అంత వ్యవధి లేకపోతే ఈ నెల అటక జోలికే పోకండి. ఇన్నాళ్ళూ ఉన్న పురుగు ఇంకో నెల ఉంటే మునిగిపోయేది లేదు. రోగి పడుకునే మంచాన్ని అటక లేని గదిలోకో వసారాలోకో మార్చి, పైన శుభ్రమైన దుప్పటి కట్టండి. చేసేది పగటిపూట చెయ్యండి. ఉబ్బసం ఉన్నవారిని, గర్భిణులను, పిల్లలను ఆ రోజు చుట్టాలింటికి పంపండి. నిచ్చెనను ఒకరు కింద పట్టుకోవాలి. పైకెక్కగానే చెయ్యి పెట్టకుండా టార్చిలైటు వేసి, కర్రతో కదిపి చూడండి. బొద్దింకలు ఉన్నచోటికి వాటిని తినే తేలు వస్తుంది, ఎలుకలు ఉన్నచోటికి పాము వస్తుంది. దూలాన్ని కర్రతో తడితే బోలుగా మోగుతున్నచోట బరువు మోపకండి. అటక మీదనుంచి పడి నడుము విరిగినవారికి మందుతో నయం కాదు.

సామాను దించాక పొడి చీపురుతో ఊడ్చకండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడిగుడ్డతో తుడవండి. పగిలిన పెంకు మార్చండి. వాన కారేచోటే చెమ్మ, చెమ్మ ఉన్నచోటే చెదలు, బొద్దింకలు. తిండిగింజలు అటక మీద ఉంచకండి. మిగిలిన బొద్దింకలకు బోరిక్ పొడి చాలు. క్యారమ్స్ బోర్డు మీద చల్లుకుంటారే, అదే. గోధుమపిండి, పంచదార కలిపి శనగగింజంత ఉండలు చేసి దూలాల వెనక పెట్టండి. నాలుగు రోజులు ఓపిక పట్టాలి. అదీ తినదగినది కాదు, పిల్లలకు అందనివ్వకండి.

కందిరీగల తుట్టె, తేనెపట్టు కనిపిస్తే మాత్రం మీరు చెయ్యి పెట్టకండి. కిరోసిను గుడ్డ ముట్టించి పొగబెట్టే ధైర్యవంతులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఎండు చెక్కల మధ్య నిప్పు ఎందుకు? పట్టు తీసే పనివాళ్ళను పిలవండి. ఒకవేళ కుడితే, ముల్లు కనిపిస్తే వెంటనే గీకి తీసేసి చన్నీళ్ళతో కడగండి. సున్నం రాయవలసిన పని లేదు. పెదవులు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, గొంతు బిగిసినా, కళ్ళు తిరిగినా నిమిషాలలో ప్రాణం మీదికి వస్తుంది. అడ్రినలిన్ ఇంజక్షను ఉన్నచోటికి పరుగెత్తాలి. పదుల సంఖ్యలో కుట్టినవారు బాగానే ఉన్నామని ఇంట్లో కూర్చోకూడదు. ఒకటి రెండు రోజుల తరువాత కిడ్నీలు దెబ్బతినవచ్చు. మూత్రం తగ్గిందా, ఎర్రగానో నల్లగానో వస్తోందా గమనించండి.

ఇప్పటికే మీ ఇంట్లో ఎవరైనా మందు కొట్టించి ఉంటే, డిశ్చార్జి కాగితం తీసుకునే ముందు ఏ మందు, ఏ రోజు, ఏ గదిలో అన్నది వార్డు సిస్టరుగారికి చెప్పండి. అవసరమైతే రెండు రోజులు ఆగి వెళ్ళవచ్చు, లేదా మీ వాళ్ళను నేరుగా చుట్టాలింటికి తీసుకువెళ్ళవచ్చు. ఇక మీ ప్రశ్నలు అడగండి.