ఓవర్‌క్లాకింగ్‌కి ఏ ప్రాసెసర్? ముందు గది వేడి చూడండి

మా కశింకోట తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఓవర్‌క్లాక్ చెయ్యాలి. ఇంటెల్ కొననా, ఏఎండీ కొననా?"

ఇంటెల్ అయితే పేరు చివర కె ఉండాలి. ఐ5 14400 లాక్, 14600కె అన్‌లాక్. అదొక్కటే చాలదు, జడ్ సిరీస్ బోర్డు కావాలి. బి760లో మల్టిప్లయర్ పెంచనివ్వదు. కె చిప్ డబ్బాలో కూలర్ కూడా రాదు. మూడు చోట్ల ఖర్చు! రైజెన్ 5 7600 మామూలుగానే అన్‌లాక్, బి650 బోర్డు చాలు, బాక్స్ ప్యాక్‌లో కూలర్ ఉంటుంది. ఏ620 బోర్డు మాత్రం వద్దు, అందులో ఓవర్‌క్లాక్ కుదరదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏ ఫ్యాన్ కూలరైనా చిప్‌ని గది వేడి కంటే చల్లబరచలేదు. మే నెలలో ఏసీ లేని గదిలో 36 డిగ్రీలుంటే, లెక్క అక్కడే మొదలు. (బెల్లం పొయ్యి పక్కన ఫ్యాన్ వేసుకున్నట్టే!) పైగా స్పీడు అంతే ఉంచి వోల్టేజ్ 10 శాతం పెంచినా పవర్ దాదాపు 21 శాతం పెరుగుతుంది, ఆ వేడంతా గదిలోకే.

అందుకే తమ్ముడూ, నేనైతే 7600 తీసుకుని వోల్టేజ్ తగ్గిస్తాను. బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది, మైనస్ 10తో మొదలుపెట్టు. చిప్ చల్లగా ఉంటే బూస్ట్ ఎక్కువసేపు నిలుస్తుంది. ఇలాంటివాటికి వారంటీ వర్తించకపోవచ్చు, అది చూసుకునే దిగు. జనవరిలో పాసైన సెట్టింగ్‌ని మే నెల మిట్టమధ్యాహ్నం ఇంకోసారి గంటసేపు టెస్ట్ చెయ్యి.