పొట్టలోని పొర ఎలా మానుతుంది?



వార్డులో మీరు తరచుగా అడిగే మాట ఒకటుంది. "పైన కుట్లు కనబడుతున్నాయి సిస్టర్, మరి లోపల మానిందో లేదో ఎలా తెలుస్తుంది?" మంచి ప్రశ్న. ఈ రోజు దాని గురించే చెబుతాను.

పొట్ట లోపలి గోడను, పేగులను కప్పుతూ పల్చటి తడి పొర ఉంటుంది. దీనిని పెరిటోనియం అంటారు. పరిచి కొలిస్తే ఇంచుమించు మన ఒంటి చర్మమంత ఉంటుంది. అది నున్నగా ఉండబట్టే పేగులు ఒకదానిపై ఒకటి జారుతూ కదులుతాయి.

చర్మం మీద పుండు అంచుల నుంచి మానుతూ వస్తుంది. అందుకే పెద్ద పుండుకు ఎక్కువ రోజులు పడతాయి. ఈ పొర అలా కాదు. దెబ్బ తిన్న చోటంతా ఒకేసారి కొత్త కణాలు కమ్ముకుంటాయి. వేలెడు గాయమైనా, అరచేయంత గాయమైనా సుమారు వారంలో మూసుకుంటుంది. సిజేరియన్‌లో చాలామంది డాక్టర్లు ఈ పొరను కుట్టకుండా వదిలేది అందుకే, కంగారు పడకండి. దానిపైన ఉండే గట్టి పొరను మాత్రం తప్పక కుడతారు. అది బలపడడానికి నెలలు పడుతుంది. బరువులెత్తవద్దని మేము పోరేది దాని కోసమే.

గాలి పోవడం, ఆకలి వేయడం, పొట్ట మెత్తగా ఉండడం, జ్వరం లేకపోవడం: లోపల బాగున్నదనడానికి ఇవే మంచి గుర్తులు.

అయితే ఒక చిక్కుంది. ఆపరేషన్ అయిన కొద్ది గంటల్లోనే గాయం మీద ఫైబ్రిన్ అనే జిగురు పేరుకుంటుంది. మామూలుగా మూడు నాలుగు రోజుల్లో శరీరమే దానిని కరిగిస్తుంది. కరగని చోట అది పీచులా గట్టిపడి పేగును పేగుకో, గోడకో అతికిస్తుంది. పొట్ట కోసిన చాలామందికి ఈ అతుకులు ఏర్పడతాయి. ఎక్కువ మందికి ఏ బాధా ఉండదు. తిండి వల్ల ఇవి రావు. పప్పు తింటే చీము పడుతుందని ఇంకా కడుపు మాడ్చేవాళ్లున్నారు! డాక్టరు తినమన్నాక పప్పు, గుడ్డు పెట్టండి. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి.

కొద్దిమందికి మాత్రం అతుకు దగ్గర పేగు మెలిపడి మూసుకుపోతుంది. అది నెలకే కావచ్చు, ఇరవై ఏళ్లకూ కావచ్చు. నొప్పి మెలిపెట్టినట్టు వచ్చి పోతూ, పొట్ట ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే గ్యాస్ అనుకొని సోడా, ఆముదం పట్టించకండి. నోటికేమీ ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పాత ఆపరేషన్ సంగతి ముందుగా చెప్పండి. పిల్లలు పుట్టకుండా చేయించుకున్న ఆపరేషన్‌ను చాలామంది లెక్కలోకే తీసుకోరు, అదీ చెప్పండి. డిశ్చార్జి కాగితం రేషన్ కార్డుతో పాటే దాచిపెట్టండి.