వేషం విప్పే ఘట్టం



నాటకాన్ని రంగస్థలం మీద ఊహించుకుంటూ చదవమని శిష్యులకు జీవితమంతా చెప్పిన గురువుగారి పేరున జరుగుతున్న సభ ఇది. అందుకే షేక్‌స్పియర్ కాలపు మారువేషాలను నటుడి వైపు నుంచి చూస్తాను.

ఆనాటి లండన్ నాటకశాలల్లో నాయికలు లేబ్రాయపు కుర్రాళ్లే. ‘యాజ్ యు లైక్ ఇట్’లో ఒక అబ్బాయి రోజలిండ్ అవుతాడు. ఆ రోజలిండ్ గానిమీడ్ అనే యువకుడి వేషం వేస్తుంది. ఆ యువకుడు ఓర్లాండో ముందు రోజలిండ్‌గా నటిస్తాడు. స్థానం నరసింహారావుగారు వేసిన సత్యభామను తలచుకునే మనకు మొదటి మెట్టు కొత్త కాదు. పై రెండు మెట్లలో ఉంది సాహసం. ప్రేమించినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి ప్రశ్నించే చనువు రోజలిండ్‌కు మగదుస్తులతోనే వచ్చింది. ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో పోర్షియా న్యాయస్థానంలో వాదించగలిగిందీ అందువల్లే.

ఇలా మగవాళ్లు ఆడదుస్తులు, ఆడవాళ్లు మగదుస్తులు వేయడం మీద మండిపడినవారూ ఉన్నారు. బైబిల్ ద్వితీయోపదేశకాండంలోని నిషేధాన్ని చూపి 1583లో ఫిలిప్ స్టబ్స్, 1633లో విలియం ప్రిన్ నిప్పులు కక్కారు. మగదుస్తులు వేసే ఆడవాళ్లను ఖండిస్తూ ప్రసంగించమని 1620లో జేమ్స్ రాజు లండన్ మతాచార్యులను ఆదేశించాడు.

పురుషుడు స్త్రీవేషం వేస్తే కథ వేరు. సిడ్నీ ‘ఆర్కేడియా’లో రాకుమారుడు పైరోక్లీస్ ప్రేమకోసం అమెజాన్ వనితగా మారితే ప్రాణమిత్రుడే మందలిస్తాడు. స్పెన్సర్ ‘ఫెయిరీ క్వీన్’లో, 1596 నాటి భాగంలో, రాడిగండ్ అనే రాణి వీరుడు ఆర్టెగాల్‌ను ఓడించి, ఆడబట్టలు కట్టించి, నూలు వడకడానికి కూర్చోబెడుతుంది. విడిపించేది కవచం తొడిగిన బ్రిటోమార్ట్. ఆమె కవచం ఘనత, అతని బట్టలు పరాభవం. గెలిచాక బ్రిటోమార్ట్ చేసే పని చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది: ఆ రాజ్యపు స్త్రీల స్వేచ్ఛను రద్దుచేసి, వారిని మళ్లీ పురుషుల ఏలుబడికి అప్పగిస్తుంది. కత్తి పట్టిన చేత్తోనే!

అందుకే ఈ కథల్లో వేషం వేయడంకన్నా విప్పడమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. 1602 ఫిబ్రవరిలో మిడిల్ టెంపుల్‌లో ప్రదర్శించిన ‘ట్వెల్ఫ్త్ నైట్’ చూడండి. సిజారియో పేరుతో తిరిగిన వయోలా చివరికి గుర్తింపు పొందుతుంది, డ్యూక్ ఒర్సినో ఆమెను వరిస్తాడు. కాని ఆమె ఆడబట్టలు ఒక ఓడ కెప్టెన్ దగ్గర ఉన్నాయి. ఆ కెప్టెన్ మాల్వోలియో అనే గృహాధికారి ఫిర్యాదువల్ల చెరలో ఉన్నాడు. మాల్వోలియో కోపంతో వెళ్లిపోయాడు. నాటకం ముగిసేవరకూ వయోలా మగదుస్తుల్లోనే ఉంటుంది. డ్యూక్ ఆమెను సిజారియో అనే పిలుస్తాడు. ఒక్క దుస్తుల మూట తెప్పించడం షేక్‌స్పియర్‌కు కష్టమేమీ కాదు. తెప్పించలేదంటే కావాలనే తెప్పించలేదని నా నమ్మకం.

మిడిల్‌టన్, డెక్కర్ కలిసి రాసి, 1611లో అచ్చయిన ‘ది రోరింగ్ గర్ల్’ ఇంకా ముందుకు వెళ్లింది. నాయిక మాల్ మగదుస్తుల్లో ఎవరినీ మోసగించదు, ఆడదని అందరికీ తెలుసు. ఇతరుల పెళ్లికి సాయపడుతుంది, తాను మాత్రం పెళ్లి వద్దంటుంది. ఆ పాత్రకు మూలం మేరీ ఫ్రిత్ అనే నిజమైన లండన్ స్త్రీ. ఆమె ఫార్చ్యూన్ నాటకశాల వేదికమీద మగదుస్తుల్లో కూర్చుని ల్యూట్ వాయించింది. 1612 ఆరంభంలో చర్చి న్యాయస్థానం ఆమెను విచారించింది. నాటకంలో మాల్‌ను క్షమాపణ చెప్పమని ఎవరూ అడగలేదు. మేరీ ఫ్రిత్‌ను మాత్రం పాల్స్ క్రాస్ దగ్గర జనం ముందు నిలబెట్టి ప్రాయశ్చిత్తం చేయించారు.