ఇండాలియం గిన్నె, పసుపు, తల్లిపాలు

 

మీరు పట్టాలు అందుకునే ఇలాంటి రోజున పెద్ద కలల గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను తల్లిపాల గురించి మాట్లాడతాను. వాటిలో ఉండాల్సిన జింకు, ఇనుము, రాగి గురించి, ఉండకూడని సీసం, కాడ్మియం గురించి. కవి జాషువా పుట్టిన ఈ వినుకొండలో సాహిత్యం వదిలేసి ఈ లోహాల గోలేమిటని తెలుగు మాస్టారు అనుకోవచ్చు. వారు మన్నించాలి. మీలో కొందరు రేపు ల్యాబుల్లో కూర్చుంటారు, కొందరు నర్సింగుకు వెళ్తారు, కొందరు బడుల్లో పాఠాలు చెబుతారు. మిగతావాళ్లు ఏ ఉద్యోగం చేసినా ఎప్పుడో ఒకప్పుడు బాలింత ఉన్న ఇంట్లో ఉంటారు. ఈ విషయం తగలనివాళ్లు ఈ షామియానా కింద ఎవరూ లేరు.

2025 నవంబరులో బీహార్ నుంచి వచ్చిన వార్త మీలో చాలామంది ఫోన్లో చూసే ఉంటారు. పట్నాలోని మహావీర్ క్యాన్సర్ సంస్థాన్ శాస్త్రవేత్తలు, మరికొన్ని సంస్థలవాళ్లు కలిసి ఆరు జిల్లాల్లో 40 మంది తల్లుల పాలు పరీక్షించారు. నలభై నమూనాల్లోనూ యురేనియం కనిపించింది. అన్నిటికంటే ఎక్కువగా ఉన్నచోట లీటరుకు 5.25 మైక్రోగ్రాములు. టీవీల్లో ఎర్రక్షరాలు పరుగులు తీశాయి. తాగే నీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములని చెప్పినవాళ్లు తక్కువ. అయితే ఆ ఒక్క మాటతో చేతులు దులుపుకోవడమూ న్యాయం కాదు. పసిబిడ్డ బరువెంత, వాడు తాగే పాలెన్ని అని లెక్కగట్టి, చాలామంది పిల్లల విషయంలో జాగ్రత్త పడాలని ఆ పరిశోధకులే రాశారు. పాలు మాత్రం మాన్పించొద్దని కూడా రాశారు. ఈ చివరి మాట ఎన్ని ఇళ్లకు చేరిందో గానీ, యురేనియం ఉందన్న మొదటి మాట అన్ని ఇళ్లకూ చేరింది.

మన పల్నాటి కొండల్లోనూ యురేనియం ఉంది. మాచర్ల దగ్గర కొప్పునూరులో కేంద్ర అణు ఖనిజ అన్వేషణ విభాగం దాన్ని గుర్తించింది. ఇంకా దగ్గరికొస్తే అగ్నిగుండాల, బండ్లమోటు, నల్లకొండ. అక్కడ రాళ్లలో సీసం, రాగి ఉన్నాయి. హిందుస్తాన్ జింక్ కంపెనీ బండ్లమోటులో సీసం గని నడిపి మూసేసింది. కాబట్టి రేపెవరైనా ఇక్కడ తల్లిపాలు పరీక్షించి సీసం దొరికిందంటే, వేళ్లన్నీ ముందు కొండ వైపే చూపిస్తాయి. కెమిస్ట్రీ పిల్లలు అక్కడే ఒక్క క్షణం ఆగాలి. రాయిలో సీసం ఉండేది గెలీనాగా, అంటే సీసపు సల్ఫైడుగా. అది నీళ్లలో కరగడానికి బొత్తిగా ఇష్టపడదు. పైగా మనది సున్నపురాయి నేల, నీళ్లు కాస్త క్షారం వైపే ఉంటాయి. అలాంటి నీళ్లలో సీసం కరగడం మరీ తక్కువ. కొండను అనుమానించవద్దని కాదు, తవ్విపోసిన మట్టిని, దుమ్మును చూడాల్సిందే. అదే గెలీనాను నూరి సుర్మాగా కళ్లకు పెట్టుకునే అలవాటు ఎన్నో దేశాల్లో ఉంది. కొండలో కదలకుండా పడి ఉన్న రాయి పసివాడి కంటికీ, వేలికీ, నోటికీ ఎక్కేది అలా. ఆముదం దీపం మీద ఇంట్లో పట్టిన కాటుక వేరు, అది వట్టి మసి. కంట్లో మసి పూయడం మంచిదని నేననను గానీ, సీసం గొడవ మాత్రం దానికి లేదు.

తల్లి శరీరం ఈ లోహాలన్నిటినీ ఒకే తీరుగా చూడదు. ఇనుము, జింకు, రాగి పాలల్లోకి ఎంత వెళ్లాలో అదే నిర్ణయించుకుంటుంది. తల్లికి రక్తం తక్కువగా ఉన్నా పాలల్లో ఇనుము పెద్దగా తగ్గదు. మొదటి వారాల్లో లీటరుకు 3 మిల్లీగ్రాముల దాకా ఉండే జింకు ఆర్నెల్లకు 1 మిల్లీగ్రాము చుట్టుపక్కలకు దిగుతుంది. మన పెద్దవాళ్లు ఆరో నెలలో అన్నప్రాశన పెట్టిన సమయమూ దాదాపు అదే. బిడ్డ ఒంట్లోని ఇనుము నిల్వలు కరిగి, పాలల్లో జింకు పలచబడే వేళకు బిడ్డకు అన్నం, పప్పు అందుతాయి. అయొడిన్, సెలీనియం అలా కాదు, అవి తల్లి తిన్నదాన్నిబట్టే ఉంటాయి.

పేద తల్లుల పాల మీద మన దేశంలో శ్రద్ధగా పనిచేసినవాళ్లలో సి. గోపాలన్ గారు ముందు వరుసలో ఉంటారు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలింది, అదే తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ రోజుల్లోనే గోపాలన్, బెళవాడి గార్లు పేద తల్లుల పాలను విశ్లేషించారు. అర్ధాకలితో ఉన్న తల్లి పాలల్లోనూ ప్రొటీను దాదాపు మామూలుగానే ఉందనీ, కొన్ని విటమిన్లే తగ్గాయనీ తేల్చారు. 1978లో బెళవాడి గారు పాలలోని సూక్ష్మ మూలకాల మీద మరో పత్రం రాశారు. తనకు లేకపోయినా తల్లి బిడ్డకు పెడుతుందని మనం సెంటిమెంటుగా అనే మాటను వీళ్లు గాజు గొట్టాల్లో కొలిచి చూశారు.

ఇక్కడ ఫ్లోరైడ్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అది లోహం కాదని నాకు తెలుసు, వెనక కూర్చున్న కెమిస్ట్రీ మాస్టారు నవ్వక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో గుర్తించారు. వాళ్లు చూసిన ఊళ్లు అప్పటి నెల్లూరు జిల్లావి, ఇప్పుడు మనకు దక్షిణాన ప్రకాశం వైపున్నవి. వంగిన కాళ్లు, గారపట్టిన పళ్లు మనకు కొత్త కాదు. బోరునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినా, ఆ నీళ్లే తాగే తల్లి పాలల్లోకి మాత్రం అది దాదాపు రాదు. 1981లో స్వీడన్‌లో ఎక్‌స్ట్రాండ్ బృందం తల్లులకు ఫ్లోరైడ్ ఇచ్చి మరీ చూసింది. రక్తంలో పెరిగింది, పాలల్లో పెరగలేదు. మరి అదే బోరునీళ్లు కాచి డబ్బాపాలు కలిపితే? ఫ్లోరైడ్ మొత్తం బిడ్డ కడుపులోకే పోతుంది. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు, ఆవిరైపోయిన నీళ్ల మేర ఇంకాస్త చిక్కబడుతుంది. పాలల్లో ఏదో లోహం ఉందట, డబ్బాపాలు పట్టండి అని ఈ ప్రాంతంలో ఎవరైనా సలహా ఇస్తే, ఆ సలహా బిడ్డను ఎక్కడికి తోస్తుందో చూడండి.

సీసం దారి వేరు. అది కాల్షియంలా నటిస్తుంది, పెళ్లింట్లోకి చుట్టాల్లో చుట్టంలా దూరిపోయే దొంగలాగా. పెద్దవాళ్ల ఒంట్లోని సీసంలో 90 శాతం పైన ఎముకల్లోనే దాక్కుంటుంది, దశాబ్దాలు అక్కడే ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముకల నుంచి కాల్షియం కదులుతుంది కదా, దాంతో సీసమూ కదులుతుంది. అంటే పదేళ్లప్పుడు ఆ అమ్మాయి పీల్చిన దుమ్ము పాతికేళ్లకు ఆమె బిడ్డను వెతుక్కుంటూ రావచ్చు. ఊరట ఏమిటంటే, పాలల్లో సీసం గాఢత తల్లి రక్తంలో ఉన్నదానిలో మామూలుగా 3 శాతం లోపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో చేయించి 1989లో అచ్చువేసిన అధ్యయనం మామూలు పరిస్థితుల్లో లీటరు పాలకు 2 నుంచి 5 మైక్రోగ్రాముల సీసం ఉంటుందంది. మెక్సికో నగరంలో బాలింతలకు రోజూ 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తే పాలల్లో సీసం కొంత తగ్గింది.

ఇనుము సంగతి ఇంకా ముఖ్యం. పేగుల్లో ఇనుమును లోపలికి తీసుకునే తలుపు గుండానే సీసమూ వస్తుంది. ఒంట్లో ఇనుము తక్కువైతే శరీరం ఆ తలుపు ఇంకా బార్లా తీస్తుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కాబట్టి ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్ర రక్తం కోసమే కాదు, సీసానికి అడ్డుకట్ట కూడా. వికారమని ఆ మాత్రల్ని గూట్లో పడేసే ఇళ్లు నేను చాలా చూశాను. బాలింతకు పథ్యమని పప్పు, ఆకుకూర, పాలు మాన్పించి కారప్పొడితో నెట్టుకొచ్చే ఇళ్లూ చూశాను. పథ్యం పెట్టే పెద్దమ్మలతో గొడవ పడకండి, గెలవలేరు. మునగాకు కారప్పొడి చేసి పెట్టమని అడగండి, కాదనరు.

సరే, సీసం వస్తున్నదెక్కడి నుంచి? పెట్రోలులో సీసం కలపడం 2000లో ఆపేశారు. ఇప్పుడు వంటింట్లోకి రండి. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపే కల్తీని బంగ్లాదేశ్‌లో 2019లో పట్టుకున్నారు. అక్కడి ప్రభుత్వం మార్కెట్ల మీద దాడులు చేసి, జరిమానాలు వేసి, రెండేళ్లలో దాదాపు లేకుండా చేసింది. దుగ్గిరాల పసుపు యార్డు ఉన్న మనకు ఈ కథ పరాయిది కాదు. కొమ్ములు కొని ఆడించుకునే ఇంటికీ, మెరిసే పొడి ప్యాకెట్టు కొనే ఇంటికీ తేడా ఉంటుంది. ఇక గిన్నెలు. 2025లో అమెరికా ఎఫ్‌డీఏ కొన్ని దిగుమతి అల్యూమినియం, ఇత్తడి, ఇండాలియం గిన్నెలు వంటలోకి సీసం వదులుతున్నాయని హెచ్చరించింది. మన అమ్మలు కూతురితో పాటు డల్లాస్‌కు సూట్‌కేసులో పంపించేవి అలాంటి గిన్నెలే. పాత బ్యాటరీలు, తుక్కు కరిగించి పోతపోసినవాటిలో సీసం మిగిలిపోతుంది. అన్నం వండినప్పటికంటే చింతపండు పులుసు కాచినప్పుడు అది ఎక్కువ దిగుతుంది, పులుపు లోహాన్ని లాగుతుంది. ఇండాలియమంతా విషమని నేననడం లేదు. పులుసు మాత్రం స్టీలు గిన్నెలోనో మట్టి కుండలోనో కాచుకోండి. పొగాకు సంగతీ ఒక ముక్క. కాడ్మియంను నేలలోంచి లాగి ఆకుల్లో దాచుకోవడంలో పొగాకు మొక్క దిట్ట. బాలింత గదిలో చుట్ట కాల్చే తాతయ్యకు ఈ మాట మర్యాదగా చెప్పాల్సింది మీరే.

ల్యాబుకు వెళ్లేవాళ్లతో ప్రత్యేకంగా ఒక మాట. ఈ లెక్కలు మైక్రోగ్రాముల్లో ఉంటాయి. నమూనా సీసా గాజుదైనా ప్లాస్టిక్‌దైనా నైట్రిక్ ఆమ్లంతో కడగకపోతే, గ్లవ్స్ పొడి రాలితే, స్టీలు సూది తగిలితే, మీరు కొలిచేది పాలను కాదు, మీ నిర్లక్ష్యాన్ని. పాత పత్రాల్లో పాలలోని క్రోమియం అంకెలు ఇప్పటివాటికి ఎన్నో రెట్లు ఉండేవి. తల్లులు మారలేదు, సీసాలు మారాయి.

అంకె సరిగ్గా వచ్చినా కథ పూర్తికాదు. 2020 డిసెంబరులో ఏలూరు గుర్తుందా? మూర్ఛతో ఆరువందల మందికి పైగా ఆసుపత్రికి వచ్చారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పగానే సీసమే కారణమని ఊరంతా అనుకుంది. తర్వాత నిపుణుల చూపు పురుగుమందుల అవశేషాల వైపు మళ్లింది. లోహం కనిపించడం వేరు, జబ్బుకు కారణం అదేనని తేలడం వేరు.

అందుకని నాదొక కోరిక. మీలో నలుగురైదుగురు కలిసి ఎప్పుడైనా ఈ పని మొదలుపెడితే పాల సీసాతో మొదలుపెట్టొద్దు. ముందు బోరునీళ్లు, పసుపు డబ్బా, పులుసు గిన్నె, కాటుక డబ్బీ, గోడ సున్నం, రంగు తీసుకురండి. పాలు చివరన తీసుకోండి, అదీ ఆ తల్లికి విషయం చెప్పి, ఒప్పించి. ఫలితం వచ్చాక మొదటి కాగితం ఆమె చేతిలోనే పెట్టాలి, తెలుగులో, అంకె పక్కన ఏం మార్చుకోవాలో రాసి, పాలివ్వడం ఆపొద్దని పైనే పెద్దక్షరాలతో రాసి. రెండో కాగితం ఏఎన్ఎం గారికి. మూడోది నీళ్లు సరఫరా చేసే ఆఫీసుకు. పత్రికల వాళ్లు ఎలాగూ వస్తారు, వాళ్లకు నాలుగోది ఇవ్వండి.