ఇచ్చే చేయి, ఇచ్చే మనసు





దానం గొప్పదనం గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడున్నవారంతా ఇస్తున్నవారే. అందుకే, ఇచ్చేటప్పుడు మన మనసులో ఏం జరుగుతుందో దాని గురించి నాలుగు మాటలు చెబుతాను. ముందు నా సంగతే చెబుతాను.

కొన్నేళ్ల క్రితం రంజాన్ నెలలో మేం కొందరం కలిసి రేషన్ సంచులు పంచాం. ఒక ముసలమ్మకు సంచి అందిస్తూ, ఫొటో తీసే కుర్రవాడు సిద్ధమయ్యేదాకా నేను దాన్ని వదల్లేదు. ఆమె ఒక చేత్తో సంచి పట్టుకుని, రెండో చేత్తో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆ రాత్రి ఫొటో చూశాను. అందులో నేను నవ్వుతున్నాను. ఆమె ముఖం కనబడటం లేదు. ఆ బియ్యం ఆమె కోసం ఇచ్చానా, ఈ ఫొటో కోసం ఇచ్చానా? జవాబు చెప్పుకోలేకపోయాను.

ఇలాంటి ప్రశ్నే ఇమామ్ గజాలీకి ఎదురైంది. ఆయన బాగ్దాదులోని నిజామియా మదర్సాలో పేరుమోసిన ఆచార్యులు. 1095లో తన నియ్యత్‌ను తానే పరీక్షించుకున్నారు. తాను పాఠం చెబుతున్నది అల్లాహ్ ప్రసన్నత కోసం కాదు, పేరుప్రతిష్ఠల కోసమని తేలింది. నెలల తరబడి ఊగిసలాడారు. చివరికి తరగతిలో నోట మాట రాలేదు. పిల్లల పోషణకు సరిపడా ఉంచి, మిగతా సొమ్ము పంచిపెట్టి, బాగ్దాదు విడిచి వెళ్లిపోయారు. ఇదంతా ఆయనే తన జీవితకథలో రాసుకున్నారు.

ఇక్కడితో ఆగితే, మనసు శుభ్రపడేదాకా మంచి పని మానెయ్యాలని అనుకుంటాం. కానీ 1106లో ఆయన నైషాపూరులో మళ్లీ పాఠం చెప్పారు. పని అదే, మారింది నియ్యత్.

మరి మనసు మారేదెలా? గజాలీ తన ‘ఇహ్యా’ గ్రంథంలో దస్తూరిని ఉదాహరణగా చూపారు. మంచి దస్తూరి కావాలనుకునేవాడు మొదట్లో కష్టపడి మంచి రాతను అనుకరిస్తాడు. రాయగా రాయగా అది అతని సొంత రాత అవుతుంది. ఔదార్యమూ అంతే. మొదట మనసును ఒప్పించి ఇస్తాం, ఇవ్వగా ఇవ్వగా అదే స్వభావమవుతుంది.

దివ్య ఖుర్ఆన్ నఫ్స్ గురించి చెబుతూ, చెడుకు పురికొల్పే మనసునూ, తనను తాను నిందించుకునే మనసునూ, ప్రశాంతి పొందిన మనసునూ ప్రస్తావించింది. ఆ రాత్రి నన్ను నిలదీసింది ఆ రెండోది. దాని నోరు మూయించకూడదు.

ఈ సంచికలో దాతల పేర్లు ఉంటాయి. అది తప్పు కాదు. బహిరంగంగా ఇవ్వటం మంచిదేననీ, పేదలకు గుప్తంగా ఇవ్వటం మరింత మేలనీ సూరె బఖరా (2:271) బోధిస్తోంది. పదిమందీ చూసి ఇస్తారంటే పేరు వేయించండి. లెక్కలు రాయాలి, రసీదూ ఉండాలి. కానీ ఈ ఏడాది మీరిచ్చే దానిలో కొంతైనా పేరు లేకుండా ఇచ్చి చూడండి. తీసుకునేవారి ఫొటో మాత్రం వద్దు. మన పేరు మనిష్టం, వారి ముఖం మన సొత్తు కాదు.

ఆ ముసలమ్మ మళ్లీ నాకు కనిపించలేదు. క్షమాపణ అడిగే అవకాశం దొరకలేదు. అల్లాహ్ నా తప్పును మన్నించుగాక! మనందరి నియ్యత్‌లను శుద్ధి చేయుగాక! ఆమీన్.